తవ్వినవాడు తాగేదాకా

నల్లమాడ బస్టాండు ఎదురుగా నాకొక ఎస్టీడీ బూతు ఉండేది. సెల్‌ఫోన్లు వచ్చి దాన్ని మింగేసేదాకా చుట్టుపక్కల పల్లెల ఏడుపులూ నవ్వులూ అన్నీ నా చెవి పక్కనే జరిగేవి. అద్దాల తలుపుంది గదా, లోపల మాట లోపలే ఉంటుందని జనం నమ్మేవాళ్ళు. ఆ తలుపు గడియ ఏనాడూ సరిగా పడి చావలేదు. పైగా మావాళ్ళకు ఫోన్లో మాట్లాడటమంటే అవతలి ఊరికి తీగె లేకుండానే వినిపించేలా అరవడం. చెవులు మూసుకుని వ్యాపారం చెయ్యలేను కాబట్టి వినేవాణ్ణి. సిద్దమ్మ కథ సగం అట్లా విన్నదే. మిగతా సగం ఆమె తిరిగొచ్చాక నా బూతు ముందర బల్లమీద కూర్చుని చెప్పింది.

సిద్దమ్మది మా పక్క పల్లె. పొట్టి మనిషి, మాట తక్కువ. అరచేతులు చూస్తే మాత్రం బండి తోలే మగవాడి చేతులనుకుంటారు, అంత కాయలు కాసి ఉంటాయి. ఆ కాయలు మోకు లాగి లాగి కాసినవి. ఆమె మొగుడు తిప్పేష్‌కు కొంచెం మెట్ట చేను, అందులో వాళ్ళ నాయన కాలంలో తవ్విన ఒక బాయి ఉంది. ఆ బాయి ఎండిపోయి ఏండ్లు గడిచాయి. ఊర్లో తక్కినవాళ్ళు బోరు మిషన్ల వెంట పడి ఉన్నదంతా పోగొట్టుకుంటుంటే, ఈ మొండివాడు మాత్రం చెనిక్కాయ పంట పనులు అయిపోగానే గడారి, అంటే గడ్డపార, తీసుకుని ఆ పాత బాయిలోకి దిగేవాడు. ఆయన అడుగున తవ్వితే, సిద్దమ్మ పైన గిలక దగ్గర నిలబడి మట్టి గంప లాగేది. అత్త చౌడమ్మ ఆ మట్టి తీసుకుపోయి గట్టుమీద పోసేది. ముగ్గురే, నాలుగో మనిషి లేడు.

పొద్దుగూకే వేళకు బాయి అడుగు చీకటిగా ఉంటుంది. మట్టిలో తేమ తగిలిందో లేదో తవ్వేవాడికే సరిగా తెలియదు, ఎందుకంటే వాడి చేతులు ముందే చెమటతో తడిసి ఉంటాయి. అందుకని తిప్పేష్ ఒక పని చేసేవాడు. పని ఆపేముందు తన తలగుడ్డ, ఎర్ర అంచు టువాలు, చేలో ఆరబెట్టి ఉంచింది దించమనేవాడు. దాన్ని గుంటలో అదిమి, కాసేపు కాలితో తొక్కి, ఖాళీ గంపలో వేసి పైకి పంపేవాడు. సిద్దమ్మ దాన్ని తీసి పిండేది.

"తేమ ఉండాదా?" అని కిందనుంచి అరిచేవాడు.

"లేదు. రేపు వస్తాదిలే," అని ఈమె పైనుంచి చెప్పేది.

ఎన్ని సాయంత్రాలు ఆ టువాలు పొడిగా పైకి వచ్చిందో లెక్క లేదు. చివరికి అడుగున నల్లబండ తగిలింది. గడారి వేస్తే నిప్పురవ్వలు లేస్తున్నాయే గాని రాయి పెళ్ళ ఊడిరావడం లేదు. తిప్పేష్ ఆ గడారిని బండ నెర్రెలో నిలబెట్టి పైకొచ్చాడు. "ఈడనే ఉండనీ, వచ్చి మళ్ళా పట్టుకుంటా," అన్నాడు. ఆ ఏడే మస్కట్‌కు పోయి కట్టడం పనిలో చేరాడు.

ప్రతి శుక్రవారం నా బూతుకు ఫోను చేసేవాడు. వర్షాలు ఎట్లున్నాయని అడిగితే, "బాగుండాయి," అని చౌడమ్మ చెప్పేది. చేను కళ్ళముందర ఎండి పేలాలైపోతున్నా, "చెనిక్కాయ బాగుండాది నాయనా," అనేది. దూరాన ఉన్నవాడు దిగులుపడతాడని అత్తా కోడలూ కలిసి ఆడిన అబద్ధం అది. వాడేమన్నా చిన్నపిల్లోడా? కదిరి వైపునుంచి వచ్చిన ప్రతివాడూ ఆడ అసలు సంగతి చెప్తానే ఉంటాడు. తెలిసి కూడా ఊఁ కొట్టేవాడు. అట్లా మూడేండ్లు నడిచింది.

రెండువేల ఏడు ఎండాకాలంలో తిప్పేష్ పనికోసం ఎత్తుగా కట్టిన సారువ మీదనుంచి పడ్డాడు. నడుము దెబ్బతింది. ఆ కబురు మోసుకొచ్చిన ఫోను కూడా నా దగ్గరికే వచ్చింది. చేసినవాడు హరినాథ్, బత్తలపల్లె పిల్లోడు, తిప్పేష్ గదిలోనే ఉండేవాడు. ప్రాణానికి భయం లేదు గాని, కుదురుకునేదాకా విమానం ఎక్కించరన్నాడు. నెలలు గడిచాయి. డాక్టర్లు లేచి కూర్చోడానికి ప్రయత్నం చెయ్యమంటుంటే ఈయన గోడవైపు తిరిగి పడుకుంటున్నాడట. తిండి కూడా సరిగా తినడం లేదట. "మనిషి ఆశ వదులుకున్నాడు వదినా, నాకు భయమైతాండాది," అని హరినాథ్ సిద్దమ్మతో చెప్పాడు.

దేవుడికి ఎప్పుడు ఏమి ఇవ్వాలో తెలియదని నేనెప్పుడూ అంటుంటాను. సరిగ్గా ఆ ఏడే వానలు కుమ్మరించాయి. చెరువులు నిండాయి. ఒకనాటి పొద్దున చౌడమ్మ బాయిలోకి తొంగి చూస్తే నల్లబండ నెర్రెల్లోనుంచి నీళ్ళు ఊరి, నిలబెట్టిన గడారి పైకొస మాత్రమే పైకి కనబడుతోందట. మరుసటి రోజుకు అది కూడా మునిగిపోయింది. అత్తా కోడలూ పరుగున నా బూతుకు వచ్చారు. నేను హరినాథ్ సెల్లుకు కలిపిచ్చాను. సిద్దమ్మ మాట ఆనాడు ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగేవాళ్ళకు కూడా వినబడింది.

"బాయిలో నీళ్ళు పడినాయి! గడారి మునిగిపోయినాది!"

అవతల హరినాథ్ ఫోను తిప్పేష్ చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాడట. తిప్పేష్ అన్న మాట సిద్దమ్మ ముఖంలోనే నాకు కనబడింది. "చెనిక్కాయ బాగుండాదని చెప్పినట్లే చెప్తాండావు," అన్నాడట. అంతే, ఫోను పెట్టేశాడు.

అబద్ధాలకు వడ్డీ అప్పుడే కట్టాల్సి వచ్చింది. ఎవరు చెప్పినా నమ్మలేదు. "ఫోటో తీసి పంపుదాం," అని నేను ఉచిత సలహా పడేశాను. "ఫోటోలో నీళ్ళకు మన బాయి అని పేరు రాసింటాదా?" అని చౌడమ్మ నా నోరు మూయించింది.

ఈ చౌడమ్మ ఇంకొక మెలిక కూడా పెట్టింది. కొత్తగా లోతు తీసిన బాయిలో నీళ్ళు ఊరితే, తవ్వినవాడు మొదట గొంతు తడుపుకోవాలి. ఆ తర్వాతే ఇంటివాళ్ళు ముట్టాలి, లేకపోతే గంగమ్మ అలిగి వెళ్ళిపోతుంది. మా వైపు పాత పద్ధతి అది. బోరు మిషన్లు వచ్చాక అందరూ మర్చిపోయారు, ఎవరు ముందు తాగాలి, మిషనా? చౌడమ్మ మాత్రం మర్చిపోలేదు. కళ్ళముందు బాయి నిండుగా ఉంటే అత్తా కోడలూ బిందెలు పట్టుకుని ఊరి కొళాయి దగ్గర వరసలో నిలబడేవారు. ఊరంతా నవ్వింది. "మేకలకన్నా పొయ్యొచ్చు గదవ్వా," అని ఎవరో అంటే, "మేకలకు నోరు లేదా? అవీ ఇంట్లోవే," అందట.

తిప్పేష్ పనిచేసిన చోటి పెద్ద మేస్త్రీ మంచివాడు. పెళ్ళాం కళ్ళముందుంటే కోలుకుంటాడని కంపెనీవాళ్ళతో మాట్లాడి సిద్దమ్మకు వీసా, టికెట్టు పంపించాడు. పాస్‌పోర్టుతో సహా అన్నీ చేతికొచ్చేసరికి దీపావళి దాటిపోయింది. బయలుదేరే పొద్దున చౌడమ్మ బాయికి టెంకాయ కొట్టి, చిన్న అర లీటరు సీసాలో నీళ్ళు ముంచి, మూత బిగించి, మెడకు పసుపు దారం కట్టింది. దాన్ని కోడలి చేతిలో పెట్టి, "వాని నోట్లో పోసి రా. ఈ నీళ్ళు తాగితే లేస్తాడు నా కొడుకు," అంది. సిద్దమ్మ ఆ సీసాతోపాటు ఎర్ర అంచు టువాలు కూడా మడిచి, ప్లాస్టిక్ కవరులో వేసి, చేతిసంచిలో పెట్టుకుంది. అది ఆయనదేనని, తలకింద పెట్టుకుంటాడని.

వరసకు మరిది అయ్యే ముత్యాలప్ప ఆమెను బొంబాయి రైలెక్కించి తనూ వెంట వెళ్ళాడు. రైల్లో ఆమె సీసా ఉన్న ఆ సంచి దించలేదు. నిద్రలో కూడా ఒడిలోనే.

బొంబాయి విమానాశ్రయం తలుపు దగ్గర తుపాకి పట్టుకున్న జవాను టికెట్టు లేనివాళ్ళను లోపలికి వదలనని ముత్యాలప్పను ఆపేశాడు. వాళ్ళిద్దరికీ ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. విమానం దగ్గరకంటా వచ్చి, రైలుకు మల్లే కిటికీ పక్కన కూర్చోబెట్టి పోతానని ముత్యాలప్ప అనుకున్నాడు.

"వదినా, నువ్వు గుంపుతో పో. ఎవరు యాడికి పోతే ఆడికి పో," అని అరిచాడు. అంతకన్నా పనికిమాలిన సలహా ఇంకొకటి ఉండదు. అక్కడ ఒక్కొక్క గుంపు ఒక్కొక్క దేశానికి పోతోంది.

లోపలికి అడుగుపెట్టగానే సిద్దమ్మ అక్కడే నిలబడిపోయిందట. అంత జనాన్ని ఆమె కదిరి తేరునాడు తప్ప చూడలేదు. తేరునాడైతే అందరూ ఒకవైపే చూస్తారు, ఇక్కడ ఎవరి చూపు వాళ్ళది, ఎవరి పరుగు వాళ్ళది. పైనుంచి ఎవరో ఆడమనిషి ఆగకుండా మాట్లాడుతోంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్షరాలన్నీ ఇంగ్లీషు, హిందీ. అంకెలు మాత్రం తెలుసు. అద్దంలోనుంచి చూస్తే ముత్యాలప్ప బయట ఆమెకు సమంగా నడుస్తూ చెయ్యి ఊపుతున్నాడు. ఆమె మలుపు తిరిగాక ఆ అద్దం కూడా అయిపోయింది. అక్కడ ఆగి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుపు వచ్చిందని ఆమే చెప్పింది, దాచలేదు.

టికెట్టు కనబడినవాడికల్లా చూపిస్తూ పోయింది. ఒకడు ఇటంటాడు, ఒకడు అటంటాడు. ఒక వరసలో చాలాసేపు నిలబడ్డాక అది వేరే దేశం వరస అని తేలింది. మళ్ళీ మొదటికి. విమానం వెళ్ళిపోతే ఎట్లా? ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు, ఇది తప్పిపోతే ఇంకోసారి ఎవరు పంపిస్తారు? అప్పుడు వెనకనుంచి తెలుగు వినబడింది.

"ఏమ్మా, ఏ ఊరు మీది? సంచిలో సీసాకు ఆ పసుపు దారం చూసి అనుకుంటి, మనోళ్ళే అని."

ఆమె పేరు రామాంజినమ్మ. కదిరి మనిషి, కువైట్‌లో ఇంటిపనికి పోయి సెలవుకొచ్చి మళ్ళీ పోతోంది. సిద్దమ్మకు దేవత దిగివచ్చినట్టయింది. దేవతకు నోరు మాత్రం కొంచెం ఎక్కువ. "తల వంచుకుని నడిస్తే విమానం నేలమీద దొరుకుతాదా? పైకి చూడు, బోర్డు చూడు," అంటూ రెక్క పట్టుకుని సరైన వరసలో నిలబెట్టింది. పెద్ద సంచిని అక్కడి మనిషి తీసుకుని పట్టా మీద వేస్తే అది కదిలి ఏదో గుహలోకి వెళ్ళిపోయింది. "పోనీ, అది మస్కట్‌లో వస్తాది," అంది రామాంజినమ్మ. సీసా ఆ సంచిలో పెట్టకపోవడమే మంచిదయిందని సిద్దమ్మ లోలోపల సంతోషించింది. పాపం, ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

పాస్‌పోర్టు చూసే ఆఫీసరు, "ఎందుకు పోతున్నావు? మొగుడు ఏం చేస్తాడు? ఎప్పుడు తిరిగొస్తావు?" అని హిందీలో అడిగాడు. సిద్దమ్మ తనకొచ్చిన నాలుగు తురకమాటలతో, ఆసుపత్రి కాగితంతో నెట్టుకొచ్చింది. ఆయన కాగితాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. చివరికి టప్పున ముద్ర పడింది. ఇంక అయిపోయింది, విమానమే మిగిలిందనుకుంది.

అయిపోలేదు. ఆ తర్వాతది సోదా. చేతిసంచి మిషన్లోకి పోయింది, బయటికి రాలేదు. ఖాకీ బట్టల్లో ఉన్న ఆడజవాను సంచి తెరిచి సీసా పైకెత్తి, ఇది పోనియ్యను అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"నీళ్ళు తీసుకుపోగూడదంట," అని వెనకనుంచి రామాంజినమ్మ చెప్పింది. "కొత్తగా పెట్టినారు ఈ రూలు. పారెయ్యి. లోపల కావల్సినన్ని నీళ్ళుండాయి."

"అవి వేరే నీళ్ళు. ఇవి మా బాయి నీళ్ళు."

"ఏ బాయివైతే ఏమమ్మా! పెద్ద సంచిలో పెట్టింటే పోయుండేవి."

 పెద్ద సంచి ఎప్పుడో గుహలోకి పోయింది. జవాను పక్కనున్న పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము చూపించింది. అందులో మూతలు కూడా తియ్యని నీళ్ళ సీసాలు పైదాకా నిండి ఉన్నాయి. మా ఊర్లో ఒక్క బిందె కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటారు. ఈడ తాగే నీళ్ళను చెత్తలో పోస్తాండారే అనుకుంది ఆమె.

వెనక వరస ఆగిపోయింది. జనం విసుక్కుంటున్నారు. జవాను మంచిదే, సీసా తాగినట్టు సైగ చేసి, తాగేసి పొమ్మంది.

"తాగెయ్యి, పారెయ్యొద్దంటే తాగెయ్యి," అని రామాంజినమ్మ తొందరపెట్టింది. "గుక్కెడు నీళ్ళు."

"నేను తాగగూడదు. తవ్వినోడు ఇంగా తాగలేదు."

రామాంజినమ్మ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఇంతలో పైనుంచి మాట్లాడే ఆడమనిషి కువైట్ పేరు చెప్పింది. "నా విమానం పిలుస్తాండారు. నీది పదకొండో నంబరు తలుపు, ఒకటి పక్కన ఇంకో ఒకటి అంకె ఉంటాది. మర్చిపోవద్దు. నీళ్ళకోసం మొగుణ్ణి పోగొట్టుకుంటావా ఏమి, బుద్ధి ఉండాదా నీకు?" అని తిట్టి, తల నిమిరి, పరుగుపెట్టింది. తిట్టడం, నిమరడం రెండూ ఒక్క క్షణంలోనే.

సిద్దమ్మ సీసా తీసుకుని వరసలోనుంచి పక్కకు జరిగింది. ఒక స్తంభం పక్కన గొంతుక్కూర్చుంది. సీసా వదిలేసి పోతే ఆయన ముందు ఉత్త చేతులతో నిలబడాలి. మళ్ళీ నోటిమాటే చెప్పాలి. ఆ నోటిమాటకు విలువ తానూ అత్తా కలిసే పోగొట్టుకున్నారు. సీసా పట్టుకుని వెనక్కి పోతే ఆయనే దక్కడు. తాగితే గంగమ్మ పోతుంది, ఊర్లో అత్త ఇంకా కొళాయి దగ్గరే నిలబడి ఉంటుంది.  ఆ భయంలో కూడా ఎవరో తనను చూస్తున్నారని కొంగు సర్దుకుందట.

పైనుంచి మస్కట్ అన్న మాట వినబడింది. ఆ ఒక్క మాటా ఆమెకు బాగా అర్థమైంది.

ఏమి చెయ్యాలో తోచక, కళ్ళనీళ్ళు తుడుచుకోడానికని సంచిలో చెయ్యిపెడితే టువాలు తగిలింది. ఎర్ర అంచు టువాలు. దాన్ని బయటికి తీసి అట్లాగే చూస్తూ కూర్చుంది. ఎన్ని సాయంత్రాలు దాన్ని పిండింది! ఎన్నిసార్లు లేదని చెప్పింది!

అప్పుడు లేచింది. టువాలు వేసి తెచ్చిన ప్లాస్టిక్ కవరు నోరు విప్పి, మడతలు పెట్టిన టువాలును అందులో సర్ది, సీసా మూత తీసి కొంచెం కొంచెంగా పోసింది. ఒక్క చుక్క కింద పడనివ్వలేదు. దుప్పటంత మందమైన టువాలు, తాగింది, ఇంకా తాగింది, సీసా ఖాళీ అయిపోయింది. సీసా మెడకున్న పసుపు దారం విప్పి కవరు మూతికి కట్టింది. ఖాళీ సీసాను తానే తీసుకుపోయి డ్రమ్ములో వేసింది.

మళ్ళీ వరస, మళ్ళీ మిషను. జవాను కవరు విప్పి టువాలును వేలితో నొక్కి చూసింది.

"తడిగుడ్డ," అంది సిద్దమ్మ తెలుగులోనే. తర్వాత, "మరద్ బీమార్," అని, మొగుడికి జబ్బని హిందీలో కూడా చేర్చింది.

జవాను ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. డ్రమ్ములో ఖాళీ సీసా వైపు చూసింది. నవ్విందో విసుక్కుందో సిద్దమ్మకు తెలియలేదు, పొమ్మని చెయ్యి ఊపింది. ఈమె కవరు గుండెకు కరుచుకుని పరుగు. పదకొండో నంబరు తలుపు దగ్గర జనం చాలావరకు లోపలికి వెళ్ళిపోయారు. అక్కడున్నతను ఆమె చేతిసంచికి కట్టిన చీటీ తిప్పి చూసి, సోదా ముద్ర లేదు, వెనక్కిపోయి వేయించుకురమ్మన్నాడు. గుడ్డ గొడవలో జవానూ మర్చిపోయింది, ఈమెకు అసలు ముద్ర ఉంటుందనే తెలియదు.

వచ్చిన దారంతా మళ్ళీ పరుగెత్తింది. చెప్పులు జారుతుంటే తీసి చేతిలో పట్టుకుంది. ఈ తలుపా ఆ తలుపా అని తడబడింది, ఎవరి సంచో తట్టుకుని మోకాలు గీరుకుపోయింది, ఆ ఖాకీ చీరంచు కోసం, కాదు కాదు, ఖాకీ ప్యాంటు కోసం వెతుక్కుంది. జవాను ఆమెను దూరంనుంచే గుర్తుపట్టి, అడగకముందే ముద్ర తీసి కొట్టింది. మళ్ళీ పరుగు. తలుపు మూయబోతున్న మనిషి ఆమెను చూసి ఆగాడు. మళ్ళీ ఆ చీటీ చూశాడు, పొమ్మన్నాడు. విమానంలోకి అందరికన్నా ఆఖరున వట్టి కాళ్ళతో ఎక్కిన మనిషి సిద్దమ్మ.

కూర్చున్నాక కూడా నెమ్మది లేదు. పైనున్న చిన్న చిల్లులోనుంచి చల్లగాలి కొడుతోంది. గాలికి గుడ్డ ఆరిపోతే? దుప్పటి అడిగి తీసుకుని కవరుకు చుట్టింది. తనకు చలేస్తున్నా కప్పుకోలేదు. పక్కనున్నాయన లోపల బిడ్డ ఉందేమోనని తొంగి చూశాడట. కాసేపటికొకసారి దుప్పటిలో చెయ్యిపెట్టి కవరును తడిమి చూసుకునేది. విమానంలో నీళ్ళు ఇస్తే వద్దంది. ఎందుకో ఆమెకే తెలియదు, గొంతు మాత్రం ఎండిపోయి ఉంది.

మస్కట్‌లో హరినాథ్ వచ్చి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయాడు. తిప్పేష్ గోడవైపే తిరిగి ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. పెళ్ళాం వచ్చిందని హరినాథ్ చెప్తే తల మాత్రం తిప్పాడు.   సిద్దమ్మ బాయి గురించి ఏమీ చెప్పలేదు. కవరు మూతికున్న పసుపు దారం విప్పింది. టువాలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"తేమ ఉండాదా?" అని అడిగింది.

ఆయన మొదట ఆ అంచును చూశాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు. పిడికిలి బిగించడానికి బలం చాల్లేదు, రెండో చెయ్యి కూడా తెచ్చుకున్నాడు. పిండాడు. చుక్కలు మణికట్టు మీదుగా మోచేతిదాకా జారాయి. ఆయన ఆ చేతిని నోటికి ఆనించుకుని నాకాడు. మళ్ళీ పిండి, నోరు తెరిచి, గుక్కెడు మింగాడు.

"ఉప్పగుండాయి," అన్నాడు. "మా నాయన కాలంలో గూడా ఇట్లే ఉప్పగుండె." ఆ మొండిమనిషి అప్పుడు భోరుమని ఏడ్చాడట. సిద్దమ్మ ఆయన తల పట్టుకుంది. ఏడుపు కొంచెం తగ్గాక, "టువాలు ఉతికి తెచ్చినావా లేదా, మట్టి వాసన కొడతాండాది," అని కూడా అన్నాడట. అది విన్నాకే ఆమెకు ధైర్యమొచ్చింది.

ఇంకా కొంచెం తడి మిగిలే ఉంది. తిప్పేష్ టువాలును ఆమె చేతికిచ్చి, "ఇంగ నువ్వు తాగు," అన్నాడు.

"అత్త తాగల్ల గదా ముందు."

"మోకు లాగినదానివి నువ్వు గదా," అన్నాడు. ఆమె పిండుకుని తాగింది. తర్వాత ఆయన హరినాథ్‌ను పిలిచి వీపు వెనక దిండు పెట్టమన్నాడు, ఫోను ఇమ్మన్నాడు.

ఆ పొద్దుటినుంచి చౌడమ్మ నా బూతు మెట్టుమీదే కూర్చుని ఉంది. టీ ఇస్తే తాగలేదు. ప్రతి ఫోనుకూ లేచి నిలబడి, తనది కాదని తెలిసి కూర్చునేది. నాకు చిరాకు కూడా వేసింది, భయం కూడా వేసింది, ఏమి వినాల్సి వస్తుందోనని. ఫోను మోగితే నేనే తీశాను. తిప్పేష్ గొంతు. నెలల తర్వాత విన్నాను, పీలగా ఉంది. రిసీవరు ఆమె చెవికి ఆనించాను. ఆ రోజు వాడికి అరిచే బలం లేకపోయినా, తలుపు గడియ పడదు గదా, నాకూ వినబడింది.

"అమ్మా, తాగినా. సిద్దీ గూడా తాగింది. ఇంగ చేదుకోండి."

 చౌడమ్మ రిసీవరు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది, కళ్ళనీళ్ళు గదుమ మీదుగా కారిపోతున్నాయి. ఫోను తెగిపోతుందేమో, ఏదో ఒకటి మాట్లాడవ్వా అని నేను సైగ చేశాను.

"మేకలకు గూడానా నాయనా?" అని అడిగింది.

"మేకలకు గూడా," అన్నాడు.